ఆధార్ చివరి అంకె, పక్కనే ఉన్న క్యూఆర్

ముంబైకో పుణెకో పనికి పోయిన పాలమూరు మనిషి, ఊళ్లో ఉన్న తమ్ముడికి ఫోన్‌లో ఆధార్ నంబరు చెప్పడం ఈ జిల్లాలో మామూలే. రేషన్ కార్డులో పేరు చేర్చాలన్నా, పట్టా పాస్‌బుక్కులో తప్పు సరిచేయించాలన్నా మీసేవలో ముందు అడిగేది అదే. అవతల కాంక్రీటు కలిపే మిషన్ తిరుగుతుంటుంది, సిగ్నల్ వచ్చీ పోతుంటుంది. 'త్రీ సెవెన్' అన్నది కాగితం మీదికొచ్చేసరికి 'సెవెన్ త్రీ' అవుతుంది. అలా తారుమారైన నంబరు ఇంకెవరిదో అయితే? ఆ టెన్షన్ అక్కర్లేదు. పక్కపక్క అంకెలు రెండు తారుమారైతే వచ్చే నంబరు దేశంలో ఎవరిదీ కాదు. కాకుండా చేసింది ఆ 12 అంకెల్లో చివరిది.

ఆ అంకె మనిషి గురించి ఏమీ చెప్పదు. ముందున్న 11 అంకెల్ని బట్టి లెక్కగట్టి పెట్టిన తనిఖీ అంకె అది. డెబిట్ కార్డు నంబరు చివర కూడా ఇలాంటిదే ఒకటి ఉంటుంది. ఆ పద్ధతికి ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటు దరఖాస్తు పెట్టాడు. నంబరులో అంకెల్ని ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయాలి. రెట్టింపు చేస్తే రెండంకెలొచ్చిన చోట ఆ రెంటినీ కూడి ఒకటి చేయాలి. తర్వాత మొత్తం కూడితే చివర సున్నా రావాలి. చాలావరకు బాగానే పనిచేస్తుంది కానీ 09 అనే చోట 90 కొడితే మాత్రం కిక్కురుమనదు.

ఇది లూన్ తెలివితక్కువ అనుకోవద్దు. కూడి, మొత్తంలో చివరి అంకె చూసే ఏ పద్ధతికైనా ఇలాంటి చిల్లు తప్పదు. దీని రుజువు నాకు చాలా ఇష్టం, ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. పక్కపక్కన రెండు స్థానాలు తీసుకోండి. కూడే ముందు ఒక్కో స్థానంలో అంకెల్ని మనకు నచ్చిన పట్టిక ప్రకారం మార్చుకోవచ్చు. షరతు ఒకటే: పది అంకెలూ పది వేర్వేరు అంకెలుగానే మారాలి, లేకపోతే ఒక్క అంకె తప్పు కొట్టినా దొరకదు. ఇప్పుడు ప్రతి అంకెకూ మొదటి పట్టిక ఇచ్చిన విలువలోంచి రెండో పట్టిక ఇచ్చిన విలువ తీసేయండి, మైనస్ వస్తే పది కలపండి. ఏ రెండు అంకెలకైనా ఈ తేడా ఒకటే అయిందంటే ఆ రెండూ తారుమారైనా మొత్తం మారదు. కాబట్టి పది తేడాలూ వేరువేరుగా ఉండాలి, అంటే 0 నుంచి 9 దాకా ఒక్కోటి ఒక్కోసారి రావాలి. వాటిని కూడితే 45, చివర 5. కానీ అదే మొత్తాన్ని ఇంకో దారిలో చూడండి. మొదటి పట్టిక విలువలన్నీ కూడితే 45, రెండో పట్టికవి కూడినా 45. తేడా సున్నా, మధ్యలో కలిపిన పదులతో చివరి అంకె మారదు. ఒకే మొత్తం చివర 5, 0 రెండూ ఉండలేవు. ఇంకెంత తెలివైన పట్టిక వేసినా దారి లేదు.

పుస్తకాల మీద ఉండే గుర్తింపు నంబరైన పాత పదంకెల ఐఎస్‌బీఎన్ వాళ్లు 10 వదిలేసి 11తో భాగించి తప్పించుకున్నారు. 11 ప్రధాన సంఖ్య కాబట్టి చిల్లు పూడింది. కానీ శేషం 10 వచ్చిన చోట అంకె చాలక 'ఎక్స్' అని అక్షరం పెట్టాల్సొచ్చింది.

అంకెలతోనే, చిల్లు లేకుండా చేసి చూపించినవాడు డచ్ గణితజ్ఞుడు యాకోబస్ వెర్‌హూఫ్, 1969లో. ఆయన ముందు మనుషులు అసలు ఎలాంటి తప్పులు చేస్తారో లెక్క తీశాడు. దాదాపు 80 శాతం ఒక్క అంకె మారిపోయినవి, ఓ 10 శాతం పక్కపక్క అంకెలు తారుమారైనవి. ఈ రెండు రకాలూ ఒక్కటి కూడా జారిపోకూడదనుకున్నాడు. కూడికతో చిక్కల్లా 3+7, 7+3 ఒకటే కావడం, అంటే స్థిత్యంతర ధర్మం. దాంతో ఆయన కూడికనే వదిలేసి, వరస మారితే జవాబు మారే లెక్క ఒకటి పట్టుకున్నాడు.

అది క్రమ పంచభుజిలో దొరుకుతుంది. పాత పెళ్లి కార్డు అట్ట మీద అయిదు భుజాల బొమ్మ కత్తిరించి, మూలలకు పేర్లు రాయండి, వెనక వైపు కూడా అదే మూలకు అదే పేరు. దాన్ని 72 డిగ్రీల చొప్పున తిప్పితే మళ్లీ అదే ఆకారంలో కూర్చుంటుంది. అసలు తిప్పకపోవడంతో కలిపి ఇవి అయిదు రకాలు: 0 నుంచి 4. బోర్లించి పెట్టడం ఇంకో అయిదు రకాలు: 5 నుంచి 9. మొత్తం పది, మనకున్న అంకెలూ పదే. ఒక పని తర్వాత ఇంకోటి చేయడమే ఇక్కడ 'గుణకారం'. ఒకసారి తిప్పి తర్వాత బోర్లిస్తే మూలలు ఒక చోటికొస్తాయి, ముందు బోర్లించి తర్వాత తిప్పితే ఇంకో చోటికి. వెర్‌హూఫ్ పట్టికలో 1ని 5తో కలిపితే 6, 5ని 1తో కలిపితే 9. అయితే తిప్పడాలు తమలో తాము వరస పట్టించుకోవు (1తో 2 ఎటునుంచి కలిపినా 3). అందుకే స్థానాన్ని బట్టి అంకెల్ని మార్చే ఒక పట్టిక కూడా ఆయన జోడించాడు. అది ఎనిమిది స్థానాలకోసారి మొదటికొస్తుంది. ఆధార్ చివరి అంకె ఈ పద్ధతిదే. దీన్ని సరిచూడటానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, అమ్రాబాద్ అడవి పక్క సిగ్నల్ లేని ఊళ్లో కూడా ఫోన్ తనంతట తనే 'ఈ నంబరు తప్పు' అని చెప్పగలదు.

కానీ అది పట్టేది పొరపాటునే, మోసాన్ని కాదు. పట్టికలు అందరికీ తెలిసినవే, ఎవరైనా కూర్చుని సరైన చివరి అంకె ఉన్న నంబరు తయారుచేసుకోవచ్చు. తోచిన 12 అంకెలు రాసినా పదింట ఒకటి ఈ పరీక్ష దాటుతుంది. మోసం సంగతి చూసేది కార్డు మీది క్యూఆర్ కోడ్. అందులో పేరు, చిరునామా, ఫొటోతోపాటు ఆధార్ సంస్థ పెట్టిన డిజిటల్ సంతకం ఉంటుంది. ఈ తరహా సంతకానికి ఆధారం ఆర్‌ఎస్‌ఏ, 1977లో రివెస్ట్, షమీర్, ఆడెల్‌మన్ బయటపెట్టిన పద్ధతి. బ్రిటన్ గూఢచార విభాగంలో క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే కనిపెట్టాడు కానీ ఆ సంగతి 1997 దాకా బయటికి రానివ్వలేదు.

చిన్న సంఖ్యలతో చేసి చూద్దాం. 5, 11 అనే ప్రధాన సంఖ్యల్ని గుణిస్తే 55. సంతకం చేసేవాడి రహస్యం 27, లోకానికి చెప్పేది 55, 3. సమాచారం 7 అనుకోండి. 7ని 27 సార్లు గుణించి 55తో భాగిస్తే శేషం 28. అదే సంతకం. సరిచూసేవాడు 28ని మూడుసార్లు గుణిస్తాడు: 21,952. దాన్ని 55తో భాగిస్తే శేషం 7, సరిపోయింది. ఇలా ఎందుకు తిరిగొస్తుందో చెప్పేది 18వ శతాబ్దంలో ఆయిలర్ నిరూపించిన సిద్ధాంతం. 27ని 3తో గుణిస్తే 81, దాన్ని 4, 10ల లబ్ధం 40తో భాగిస్తే శేషం 1. ఆ 4, 10 ఎక్కడివంటే, 5లోంచీ 11లోంచీ ఒక్కోటి తీసేసినవి. కిటుకంతా 55ని విడదీయగలగడంలోనే ఉంది. విడదీయగలిగినవాడికి 27 కూడా దొరుకుతుంది.

విచిత్రమేమిటంటే, వెర్‌హూఫ్ వదిలించుకున్న గుణమే ఇక్కడ ప్రాణం. ముందు 27 సార్లు, తర్వాత 3 సార్లు గుణించినా, వరస తిరగేసినా జవాబు ఒకటే. అందుకే అదే తాళంచెవుల జత (27, 3) సంతకానికీ రహస్యం దాచడానికీ రెంటికీ పనికొస్తుంది. ఒకే కార్డు మీద వరస పట్టించుకునే గణితం ఒకటి, పట్టించుకోనిది ఒకటి.

అసలు సంతకంలో 55 స్థానంలో 2048 బిట్ల సంఖ్య ఉంటుంది, రాస్తే 617 అంకెలు. 1977లో సవాలుగా ఇచ్చిన 129 అంకెల సంఖ్య 1994లో విడిపోయింది. 2020లో 250 అంకెలది విడిపోయింది. 617 ఇంకా చాలా దూరం. అంత గట్టి సంతకం ఉన్న కార్డుని మన దగ్గర ఏం చేస్తారు? నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా, ఇంకెక్కడైనా, జిరాక్స్ తీయించి, ఫైలుకు పిన్ను కొడతారు. ఫొటోషాప్‌లో పేరు మార్చిన కార్డుని ఆధార్ క్యూఆర్ యాప్ క్షణంలో పట్టేస్తుంది కానీ స్కాన్ చేసేవాడుండాలి కదా! చేసినా, సంతకం చెప్పేది వివరాలు మారలేదని మాత్రమే. కార్డు తెచ్చిన మనిషి అతనేనా అన్నది క్యూఆర్‌లోంచి వచ్చిన ఫొటోను మొహంతో పోల్చి చూసుకోవాలి.

ఇక క్వాంటం కంప్యూటర్ల సంగతి. పెద్ద సంఖ్యల్ని అవి త్వరగా విడదీయగలవని పీటర్ షోర్ 1994లోనే చూపించాడు. అంత పెద్ద యంత్రం ఇంకా తయారుకాలేదు. అయినా అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో, దాన్ని తట్టుకునేలా రూపొందించిన కొత్త సంతకాలకు ప్రమాణాలు విడుదల చేసింది. ఆ యంత్రమే వస్తే లామినేషన్ చేయించి బీరువాలో పెట్టుకున్న కార్డుల మీది క్యూఆర్‌లన్నిటికీ కొత్త సంతకం వేయించుకోవాలి. నంబరు మార్చాల్సిన పనిలేదు, చివరి అంకె పద్ధతిలో విప్పడానికి రహస్యమంటూ ఏమీ లేదు.