నీళ్ల పుణ్యాన మిగిలిన పల్లెలు: ట్రిపుల్ వన్ జీవో వెనక కథ

2023 ఆగస్టు వేలంలో హైదరాబాద్ అంచున ఉన్న కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. అక్కణ్ణుంచి కాస్త పడమరకు వెళ్తే మొయినాబాద్, శంకర్‌పల్లి పొలాల్లో ఇంకా పూలు, కూరగాయలు పండుతున్నాయి. ఈ తేడాకు పెద్ద కారణం, నగరానికి నీళ్లిచ్చే జలాశయాల చుట్టూ కట్టడాలకు అడ్డుకట్ట వేస్తూ 1996 మార్చి 8న వచ్చిన 111 నంబరు జీవో. ఆ ఊళ్లలో అందరూ ట్రిపుల్ వన్ అంటారు.

అయితే ఆ జీవో పల్లెల మీద ప్రేమతో రాసింది కాదు. అసలు కథ 1908 సెప్టెంబర్ 28న మొదలైంది. ఆ రోజు మూసీ పొంగి వేలమందిని మింగేసింది. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి నూట యాభై మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత నిజాం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, వరదను నగరానికి ఎగువనే ఆపాలన్నారు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్ (అదే గండిపేట చెరువు), దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. వరద ఆపడానికి కట్టినవే నగరానికి మంచినీళ్లూ ఇచ్చాయి. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడనే మాట అలా పుట్టిందే.

ఫ్యాక్టరీలు, లేఅవుట్లు జలాశయాల ఎగువకు పాకడంతో ఆ నీళ్లకు ముప్పొచ్చింది. 1994లో ఒక జీవో, రెండేళ్లకు ట్రిపుల్ వన్ వచ్చాయి. రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్లు, 84 ఊళ్లు, సుమారు 1.32 లక్షల ఎకరాలు. అక్కడ కాలుష్యం చేసే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు కుదరవని జీవో చెప్పింది.

కాగితం మీది నిషేధం కోర్టులో నిలబడటానికి మాత్రం మనుషులు కావాల్సి వచ్చింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక నూనెల కంపెనీ పెట్టుకోవచ్చని ప్రభుత్వమే మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు. పర్యావరణం కోసం పనిచేసే స్పెక్వెల్ అనే హైదరాబాద్ స్వచ్ఛంద సంస్థ కూడా కోర్టుకెక్కింది. లక్షలమంది తాగే నీళ్ల విషయంలో హాని ఉండదని నిరూపించాల్సింది ఫ్యాక్టరీ పెట్టేవాడేనని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. 2000 డిసెంబర్‌లో మినహాయింపు చెల్లదని తేల్చింది. నా లెక్కలో జీవో కన్నా ఈ తీర్పే పెద్దది.

ఇంగ్లండ్‌లో ఇలాంటి పోరాటం 1926లోనే మొదలైంది. సీపీఆర్ఈ అనే ఛారిటీ, నగరాలు పల్లెల్ని మింగకుండా చుట్టూ పచ్చటి పట్టీ ఉంచాలని అప్పట్నుంచీ కొట్లాడుతోంది. వాళ్లు పల్లె కోసమే పల్లెను అడిగారు. మనం నీళ్ల పేరు చెప్పి అడిగాం. చిక్కు అక్కడే వచ్చింది. కృష్ణా, గోదావరి నీళ్లు నగరానికి చేరాక గండిపేట మీద ఆధారపడక్కర్లేదని ప్రభుత్వం అంది. 2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీవోతో ఆంక్షలు సడలించింది. 2023 మేలో ట్రిపుల్ వన్‌ను పూర్తిగా రద్దు చేస్తున్నట్టు కేబినెట్ ప్రకటించింది. పర్యావరణ సంఘాలు అప్పుడు 1908ని గుర్తు చేయాల్సి వచ్చింది: ఇవి తాగునీటి కన్నా ముందు వరద చెరువులు.

ఈ పక్కనే ఇంకో పోరాటం నడిచింది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డు వెడల్పు చేస్తే వందల మర్రిచెట్లు పోతాయని, 'సేవ్ బన్యన్స్ ఆఫ్ చేవెళ్ల' పేరుతో ప్రకృతి ప్రేమికులు పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఈసారి నీళ్ల సాకు లేదు. చెట్లను చెట్లుగానే అడిగారు.

రైతు మాటా వినాలి. రోడ్డుకు అటువైపు ఎకరం కోట్లు పలుకుతుంటే తన పొలం అమ్ముకోలేక, బిడ్డ పెళ్లికి అప్పు చేసినవాడికి ఈ పచ్చదనం శిక్షలాగే కనపడుతుంది. ఇరవై ఏడేళ్లు నగరానికి నీళ్లు కాపాడినందుకు అతనికి ముట్టింది ఏమీ లేదు. ఆ మధ్యలోనే ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు లేచాయి. అవి మాత్రం రైతులవి కావు.