డీజిలైతే కలిసొస్తుందా? ఆటోనగర్ షెడ్డులో రోజూ వినే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల రిపేరు షెడ్డు మాది. కారు కొనాలనుకునేవాళ్లు షోరూముకి వెళ్లేముందు ఒకసారి మా దగ్గరికొచ్చి "గురువుగారూ, పెట్రోలు తీసుకోమంటారా, డీజిలా?" అని అడుగుతారు. వారం తర్వాత ఫోను. "తీసేసుకున్నామండీ, బానే ఉంటుందిగా?" అని. మధ్యలో బావమరిది మాట పనిచేసి ఉంటుంది. తప్పేం లేదు, నా మాటకంటే బావమరిది మాటకే ఇంట్లో విలువెక్కువ. కాకపోతే ఆ మాటల్లో సగం పదేళ్లు, పదిహేనేళ్ల కిందటివి. అప్పట్లో నిజమే, ఇప్పుడు కాదు.

పెట్రోలు లీటరు 109 రూపాయల దగ్గర ఆడుతుంటే అందరికీ మైలేజీ మీద శ్రద్ధ పెరిగింది. మన రాష్ట్రంలో పెట్రోలు మీద వ్యాటు 31 శాతం, దానిపైన లీటరుకి 4 రూపాయలు అదనం, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. డీజిలుకి 22.25 శాతం, ఆ నాలుగూ ఆ ఒకటీ మామూలే. పుదుచ్చేరి కింద ఉండే యానాం వెళ్లొచ్చినవాళ్లు అక్కడి తక్కువ రేటు చెబితే మనకి కడుపు మండేది అందుకే. నేనిక్కడ పెట్రోలు 109, డీజిలు 97 అని పెట్టుకుని లెక్క కట్టాను. మీ బంకులో ఇవాళ్టి రేటు వేసుకుని మళ్లీ కట్టుకోండి.

అపోహ: డీజిలు బండైతే ఎప్పటికైనా కలిసొస్తుంది

2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలు, డీజిలు 41. తేడా 32 రూపాయలు. ఈ నమ్మకం బలపడింది ఆ రోజుల్లోనే. అప్పుడు డీజిలు ధరని ప్రభుత్వం పట్టి ఉంచేది, 2014 అక్టోబరులో చెయ్యి వదిలేసింది. ఇప్పుడు మన ఊళ్లో ఆ తేడా 12 రూపాయలు. డీజిలు ఇంజిను మైలేజీ ఎక్కువిస్తుందన్నది మాత్రం ఇప్పటికీ నిజమే.

ఎవరొచ్చినా నేను రిపేరు వివరాలు రాసుకునే జాబ్ కార్డు వెనక్కి తిప్పి ఒక్కటే అడుగుతాను: రోజుకి ఎన్ని కిలోమీటర్లు? "ఒక్కోసారి హైదరాబాదు వెళ్తామండీ" అంటారు. ఒక్కోసారి సంగతి కాదు, రోజూ సంగతి కావాలి నాకు.

రోజుకి 20 కిలోమీటర్లు అనుకుందాం. ఏడాదికి 7,200. పెట్రోలు బండి లీటరుకి 15 ఇస్తే 480 లీటర్లు, 52 వేల చిల్లర. అదే సైజు డీజిలు బండి 19 ఇస్తే 379 లీటర్లు, 37 వేల లోపు. మిగిలేది ఏడాదికి పదిహేను వేల పైచిలుకు. షోరూములో డీజిలుకి అదనంగా లక్షా ఇరవై వేలు పెట్టారనుకోండి, అది తిరిగి రావడానికి దాదాపు ఎనిమిదేళ్లు. సర్వీసింగులో డీజిలుకయ్యే అదనపు ఖర్చు ఇందులో కలపలేదు. అదే రోజుకి 60 కిలోమీటర్లు తిరిగేవాళ్లయితే ఏడాదికి 46 వేలకు పైగా మిగులుతుంది, రెండున్నరేళ్లలో పెట్టింది వచ్చేస్తుంది. విజయవాడ నుంచి గుంటూరుకి రోజూ పోయొచ్చేవాళ్లకి డీజిలు కొనమని నేనే చెబుతాను.

ఊళ్లోనే పటమట నుంచి బెంజి సర్కిల్ దాకా ఆఫీసుకి వెళ్లేవాళ్లకి వద్దంటాను. డబ్బు లెక్క ఒక కారణం. రెండోది పొగగొట్టంలో ఉంది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే కొత్త పొగ నిబంధన వచ్చింది. అప్పట్నుంచి డీజిలు కార్లకి సైలెన్సరు దారిలో డీపీఎఫ్ అని ఒక జల్లెడ ఉంటుంది. మసిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. పట్టిన మసిని అప్పుడప్పుడూ కాల్చెయ్యాలి. అందుకు పొగ వేడి 600 డిగ్రీల దాకా లేవాలి. హైవే మీద అరగంట పోతే లేస్తుంది. సందుల్లో పది నిమిషాలు తిప్పి ఆపేస్తే లేవదు.

గుంటూరు నుంచి ఒకాయన వచ్చారు, మిర్చి వ్యాపారం. ఇల్లు లక్ష్మీపురం, కొట్టు యార్డు దగ్గర. పోను రాను పది కిలోమీటర్లు. సెకండ్ హ్యాండులో పెద్ద డీజిలు బండి కొన్నారు. "పికప్ చచ్చిపోయిందండీ, డాష్ బోర్డు మీద ఏదో పసుప్పచ్చ లైటు నెల రోజుల్నుంచి వెలుగుతోంది" అన్నారు. నెల రోజులు! బానెట్ ఎత్తి ఆయిల్ స్టిక్ తీశాను. ఆయిలు తగ్గాల్సింది పోయి పై గీత దాటి వేలెడంత పైకి ఉంది. వేళ్ల మధ్య రాస్తే నీళ్లలా జారింది. వాసన చూస్తే డీజిలు.

జరిగింది ఏంటంటే, జల్లెడ నిండినప్పుడల్లా దాన్ని కాల్చడానికి ఇంజిను అదనంగా డీజిలు చిమ్ముతుంది. కాలడం పూర్తయ్యేలోపే ఆయన కొట్టు వచ్చేస్తుంది, కీ తిప్పేస్తారు. మర్నాడు మళ్లీ అదే వరస. కాలకుండా మిగిలిన డీజిలు సిలిండరు గోడల మీదుగా ఆయిల్లోకి దిగిపోయింది. ఇంకో నెల అలాగే నడిపుంటే టర్బో, బేరింగులు రెండూ పోయేవి. స్కానరు పెట్టి జల్లెడ బలవంతంగా కాల్పించి, ఆయిలు, ఫిల్టరు మార్చి పంపాం. వారానికోసారి హైవే ఎక్కించి, మరీ టాప్ గేరులో నింపాదిగా కాకుండా 2,000 ఆర్పీఎం (ఇంజిను నిమిషానికి తిరిగే చుట్లు) పైన అరగంట తోలమన్నాను. ఆయన శుక్రవారం శుక్రవారం దుర్గమ్మ దర్శనం పెట్టుకున్నారు. స్వామికార్యం, స్వకార్యం.

"ఆ జల్లెడ పీకించేస్తే పోలా?" అని అడిగేవాళ్లు ఉంటారు. పీకిచ్చేవాళ్లు కూడా ఉంటారు. చట్టానికి విరుద్ధం, మేం చెయ్యం.

అపోహ: డీజిలు కారు పదేళ్లకే రద్దు

అది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్ ప్రాంతం గొడవ. మన దగ్గర సొంత కారు ఆర్సీ పెట్రోలైనా డీజిలైనా 15 ఏళ్లు. తర్వాత ఫిట్‌నెస్ చేయించుకుని, గ్రీన్ ట్యాక్సు కట్టి ఐదేసి ఏళ్లు పొడిగించుకోవచ్చు. ఢిల్లీవాళ్లు చవగ్గా అమ్మేస్తున్నారని అక్కణ్ణుంచి బండి తెచ్చుకునేవాళ్లు మాత్రం ఎన్‌వోసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్సు కలుపుకుని చూడండి. చవక అంతా అక్కడే కరిగిపోతుంది.

సెకండ్ హ్యాండు మాట వచ్చింది కాబట్టి ఒకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం వైపు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. కొన్ని శుభ్రం చేసుకుని మళ్లీ అమ్మకానికి వచ్చాయి. మీటరు తక్కువ చూపిస్తోందని మురిసిపోకండి. సీటు బెల్టుని చివరిదాకా పూర్తిగా బయటికి లాగండి. పైన ఎంత కడిగినా ఆ చివర బురద గీత పోదు. సీటు కింద పట్టాల తుప్పు కూడా చూడండి.

అపోహ: ఈ20 పెట్రోలుతో ఇంజిను పాడైపోతుంది. అపోహ: ఈ20తో ఏమీ తేడా రాదు

రెండూ అపోహలే. ఒకటి వాట్సాప్ నుంచి వస్తుంది, రెండోది వేదికల మీంచి వస్తుంది.

ఈ20 అంటే నూటికి ఇరవై పాళ్లు ఇథనాలు కలిపిన పెట్రోలు. ఇథనాల్లో శక్తి పెట్రోలుకంటే మూడో వంతు తక్కువ. అలా ఇరవై పాళ్లు కలిపితే మొత్తం మీద ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. లీటరుకి 15 ఇచ్చే పాత బండి 14 ఇస్తే అది ఇంజిను జబ్బు కాదు. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లు ఈ20ని తట్టుకునేలా తయారైనవి, వాటిలో ఈ తేడా కొంత తక్కువ.

పాత బండ్లలో నేను చూసే ఇబ్బంది వేరు. రబ్బరు పైపులు, ఓరింగులు గట్టిపడి పగుళ్లు తీస్తాయి. పదేళ్లు దాటిన కారుకి ఫ్యూయల్ పైపులు ఒకసారి మార్పిస్తే పోయేది కొద్ది డబ్బు. ఇంకోటి, ఇథనాలు గాల్లో తేమని పీల్చుకుంటుంది. అమెరికాలో ఉన్న అబ్బాయి కారని ఇంటి ముందు కవరు కప్పి ఆర్నెల్లు వదిలేసేవాళ్లుంటారు. అలాంటి ట్యాంకుల అడుగున నీళ్లు చూశాను. రెండు వారాలకోసారైనా తీసి తిప్పండి.

పనిలో పనిగా, ఖరీదైన ప్రీమియం పెట్రోలు కొట్టిస్తే మైలేజీ పెరగదు. ఆక్టేను అనే అంకె ఎక్కువుంటే ఆ పెట్రోలు నాకింగ్‌ని, అంటే ఇంజిను టకటకా కొట్టుకోవడాన్ని, తట్టుకుంటుంది, అంతే. మీ కారు పుస్తకంలో 91 చాలని ఉంటే మిగతా డబ్బు టిఫినుకి వాడుకోండి. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు కొట్టిస్తే ఎక్కువొస్తుందన్నదీ అంతే. బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది, దానికి పొద్దున్నా మధ్యాహ్నమూ పెద్ద తేడా లేదు.

అపోహ: సీఎన్‌జీ అంటే బాంబు

కంపెనీ అమర్చిన సిలిండరుకి భయం లేదు. గ్యాసు నింపేది 200 బార్ల దగ్గర, సిలిండరు తట్టుకునేది అంతకు చాలా ఎక్కువ. మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు తప్పనిసరి, తేదీ ప్లేటు మీద ఉంటుంది. ఆ ప్లేటు చూసేవాళ్లు తక్కువ, అదే నా బాధ. బయట కిట్టు వేయించుకుంటే ఆర్సీలో ఎక్కించాలి, లేకపోతే రేపు ఏదైనా జరిగితే బీమావాళ్లు చేతులెత్తేస్తారు. మిగతా ఇబ్బందులన్నీ మామూలువే: డిక్కీ పోతుంది, పికప్ కాస్త తగ్గుతుంది, బంకు దగ్గర ఆటోల వెనక క్యూ. ఊళ్లోనే ఎక్కువ తిరిగేవాళ్లు ఓపికుంటే తీసుకోవచ్చు.

అపోహ: హైబ్రిడ్ హైవేకి, మామూలు బండి ఊళ్లోకి

తిరగబడింది లెక్క. హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజినుతో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉన్న బండి. అసలైన హైబ్రిడ్ ట్రాఫిక్కులోనే లాభం. బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ నిండుతుంది, రామవరప్పాడు రింగు దగ్గర పాకుతున్నంతసేపూ ఇంజిను ఆగి మోటారు మీద నడుస్తుంది. హైవే మీద ఆ లాభం తగ్గిపోతుంది. బండి వెనక హైబ్రిడ్ అని రాసి ఉన్నంత మాత్రాన అది అదే అనుకోకండి. కొన్నిటిలో మోటారు ఊరికే చెయ్యి వేస్తుంది, సొంతంగా బండిని లాగలేదు.

కరెంటు కార్లంటారా, నా పొట్ట కొట్టేవే అయినా నిజం చెప్పాలి. యూనిట్‌కి ఆరు కిలోమీటర్లు వచ్చినా, ఇంటి మీటరులో పై శ్లాబు 9.75 రూపాయలు పడినా, ట్రూ అప్ ఛార్జీలు (కరెంటు కంపెనీలు పాత ఖర్చుల తేడాకి తర్వాత వసూలు చేసేవి) కలిపినా కిలోమీటరుకి రెండు రూపాయలు దాటదు. పెట్రోలుకి ఏడు పైన. చిక్కల్లా అపార్టుమెంటు పార్కింగులో సొంత ప్లగ్గు పెట్టుకోనివ్వడం. అది మెకానిక్కు తీర్చే గొడవ కాదు, అసోసియేషన్ మీటింగులో తేలాలి.

అపోహ: పల్లంలో న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుంది

కార్బురేటరు రోజుల మాట. ఇప్పటి కార్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజెక్టర్లు ఇంధనం ఆపేస్తాయి, చక్రాలే ఇంజిన్ని తిప్పుతాయి. న్యూట్రల్లో వేశారంటే ఇంజిను ఆగిపోకుండా ఉండటానికి మళ్లీ పెట్రోలు తాగాలి. కనకదుర్గ ఫ్లైఓవరు దిగుతూ న్యూట్రల్ వేస్తే చుక్క పెట్రోలు పోతుందేమో గానీ, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌లో వేస్తే బరువంతా బ్రేకుల మీద పడి, కాగిపోయి, పెడలు మెత్తబడిపోతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి.

అపోహ: ఎండాకాలం టైర్లలో గాలి తగ్గించాలి

మే నెలలో బెజవాడ ఎండకి ఈ మాట ప్రతి పంక్చరు షాపులోనూ వినిపిస్తుంది. గాలి తగ్గితే టైరు పక్కలు ఎక్కువ నలుగుతాయి, నలిగితే ఇంకా వేడెక్కుతుంది. హైవే మీద పేలే టైర్లలో గాలి తక్కువున్నవే ఎక్కువ చూశాను. డ్రైవరు డోరు తీస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది, ఆ అంకె పొద్దున్నే బండి తియ్యకముందు చూసుకోండి. మైలేజీకి కూడా ఇంతకన్నా చవకైన మందు లేదు. నైట్రోజన్ కొట్టించాలా అంటే, మామూలు గాల్లో 78 శాతం అదే ఉంది.

అపోహ: 500కి కాకుండా 510కి కొట్టిస్తే బంకువాళ్లు మోసం చెయ్యలేరు

మిషను కొలిచేది లీటర్లు. అంకె 500 అయినా 510 అయినా దానికి ఒకటే. అనుమానం ఉంటే ప్రతి బంకులోనూ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ఉంటుంది, అందులో పట్టి చూపించమని అడగొచ్చు. 25 మిల్లీలీటర్లు అటూ ఇటూ ఉంటే సరిగ్గా ఉన్నట్టే.

ఈమధ్య ఒక టీచరుగారు బంకు మోసమని గట్టిగా నమ్మి, నన్ను సాక్షిగా తీసుకెళ్లారు. "మూడు నెలల్లో మైలేజీ 17 నుంచి 12కి పడిపోయింది, అన్నగారూ, మీరే చూడండి" అని. కొలపాత్రలో పట్టించాం. గీతకి సరిగ్గా వచ్చింది. బంకు కుర్రాడు మావైపు చూసిన చూపు నేను చెప్పను. తిరిగొస్తూ షెడ్డు ముందు బండి ఆపగానే నాలుగు చక్రాల దగ్గరా వరసగా చెయ్యి పెట్టాను. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. ఎడమ వెనక చక్రం దగ్గర చెయ్యి పెట్టలేకపోయాను. హ్యాండ్ బ్రేకు కేబులు తుప్పుపట్టి వెనక్కి రావడం లేదు, బ్రేకు పట్టుకునే బండి తిరుగుతోంది మూడు నెలలుగా. కేబులు మార్చాం, బ్రేకు లైనర్లు అరిగిపోయాయి కాబట్టి అవీ వేశాం. మొన్న ఫోను చేశారు, 16 దాకా వస్తోందట.