రక్తపరీక్షకు దొరకని జబ్బుకు పేరు పెట్టడం

జ్వరంతో వెళ్ళినవారికి మలేరియానో టైఫాయిడో రక్తపరీక్ష చెబుతుంది. మనం డిప్రెషన్ అంటున్న కుంగుబాటుతో వెళ్ళినవారికి ఆ మాట చెప్పగల పరీక్ష నేటికీ లేదు. మానసిక వైద్యులు థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ పరీక్షలు రాసేది కుంగుబాటును పట్టుకోవడానికి కాదు; ఆ లోపాలవల్ల కూడా అలాంటి నీరసమూ దిగులూ కలుగుతాయి గనుక, అవి కావని ముందు తేల్చుకోవడానికి. ఆ తర్వాత మిగిలేది రోగి చెప్పేది, ఇంటివారు చెప్పేది, వైద్యులు ఎదురుగా కూర్చుని గమనించేది మాత్రమే.

ఇలా గమనించడాన్ని ఒక పద్ధతిగా మలచినవారిలో జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ ముఖ్యుడు. ఒక్కో రోగికి ఒక్కో కార్డు పెట్టి, ఆనాటి లక్షణాలనే కాక ఏళ్ళు గడిచేకొద్దీ జబ్బు ఎటు నడిచిందో కూడా ఆయన రాసుకునేవాడు. 1899లో వెలువడిన తన పాఠ్యగ్రంథం ఆరో కూర్పులో, మనిషిని క్రమంగా క్షీణింపజేసే జబ్బునూ, ఉద్రేకంగానో (మేనియా అనే అదుపులేని హుషారు) కుంగుబాటుగానో వచ్చి, తగ్గి, మళ్ళీ వచ్చే జబ్బునూ స్పష్టంగా వేరుచేశాడు. మొదటిదానికే 1908లో స్విస్ వైద్యుడు ఒయిగెన్ బ్లాయిలర్ స్కిజోఫ్రీనియా అని పేరు పెట్టాడు. నేటి బైపోలార్ డిజార్డర్ రెండోదానిలోంచి వచ్చింది. ఈ రోజు కనిపించే లక్షణం ఒక్కటే చాలదు, జబ్బు నడక కూడా చూడాలన్న క్రేపెలిన్ మాట ఇప్పటికీ నిలిచే ఉంది.

అదే కాలంలో ఐరోపా మానసిక వైద్యశాలల్లో మతి చెడి, పక్షవాతం కమ్మి మరణించే రోగులు చాలామంది ఉండేవారు. 1913లో నొగుచి, మూర్ అనే శాస్త్రవేత్తలు అలాంటివారి మెదడులో సిఫిలిస్ సూక్ష్మజీవిని చూపించడంతో ఆ జబ్బుకు కారణం రూఢి అయింది. మిగిలిన మానసిక రుగ్మతలకూ ఇలాగే ఒక్కొక్క కారణం బయటపడుతుందని చాలామంది ఆశించారు. చాలావాటి విషయంలో ఆ ఆశ నెరవేరలేదు.

కారణం తెలియనప్పుడు పేరు వైద్యుల ఏకాభిప్రాయం మీద ఆధారపడుతుంది. అది ఎంత బలహీనంగా ఉండగలదో 1972లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. న్యూయార్క్ ఆసుపత్రుల్లో స్కిజోఫ్రీనియా అన్న నిర్ధారణ లండన్‌లో కంటే ఎంతో ఎక్కువగా కనిపించేది. లండన్‌లో ఉద్రేకం, కుంగుబాటు రోగాల పేర్లు ఎక్కువగా వినిపించేవి. ఒకే ప్రశ్నావళితో, ఒకే నిర్వచనాలతో శిక్షణ పొందిన బృందం రెండుచోట్లా రోగులను పరీక్షించగానే ఆ తేడా చాలావరకు మాయమైంది. అంటే తేడా ప్రధానంగా రోగులలో లేదు, ఆ పేరును అక్కడి వైద్యులు వాడే తీరులో ఉంది. ఒక మనిషి జీవితాంతం మోయవలసిన పేరు అతడు ఏ ఊళ్ళో ఆసుపత్రికి వెళ్ళాడన్నదాన్ని బట్టి మారడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రచురించిన మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథం డీఎస్ఎం మూడో కూర్పు ఈ లోపాన్ని సరిదిద్దాలనే ప్రతి రుగ్మతకూ లెక్కగా ప్రమాణాలు పెట్టింది. నేటి ఐదో కూర్పు ప్రకారం తొమ్మిది లక్షణాలలో కనీసం ఐదు, రెండు వారాలపాటు ఉండి, వాటిలో దిగులు గానీ దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ ఉండి, అవి మనిషిని బాధిస్తూనో పనికి అడ్డుపడుతూనో ఉంటే దాన్ని కుంగుబాటు అంటారు. తొమ్మిదింటిలో ఐదు చాలు గనుక, ఇద్దరు రోగులకు ఒకే ఒక్క లక్షణం ఉమ్మడిగా ఉన్నా ఇద్దరి చీటీ మీదా అదే పేరు పడవచ్చు. ఈ ఐదో కూర్పు కోసం జరిపిన పరీక్షల్లో ఇద్దరు వైద్యులు విడివిడిగా చూసినప్పుడు వారి ఏకీభావం, పూర్తి అంగీకారాన్ని 1గా, కేవలం యాదృచ్ఛికాన్ని 0గా లెక్కిస్తే, కుంగుబాటుకు 0.28 దగ్గర, తీవ్ర ఆఘాతం తర్వాతి ఒత్తిడి రుగ్మతకు 0.67 దగ్గర ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ అయిన ఐసీడీ పదకొండో కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మన దేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఐసీడీ తాజా కూర్పు వంటి ఆమోదిత ప్రమాణాల ప్రకారమే నిర్ధారణ జరగాలని, మతం, సామాజిక, రాజకీయ స్థితి వంటివి అందుకు ఆధారం కారాదని చెబుతుంది. ఐసీడీలోని ఒక జాగ్రత్త తెలుగువారికి బాగా అర్థమవుతుంది. ఏదో శక్తి ఆవహించిన స్థితిని అది రుగ్మతగా పేర్కొంటుంది గానీ, ఆ స్థితి మనిషి కోరనిదై, సమాజం తన ఆచారంలో భాగంగా ఒప్పుకోనిదై, బాధనో జీవనానికి ఆటంకాన్నో కలిగిస్తేనే. బోనాల జాతరలో వచ్చిన పూనకం ఆ కారణంచేత జబ్బు కాదు. ఇంట్లో పదేపదే, తన ప్రమేయం లేకుండా ఆవహించి ఒక మనిషిని పనీ నిద్రా లేకుండా చేసేదాని గురించి మాత్రం వైద్యులను అడగవలసిందే.

మన దగ్గర రోగులు కుంగుబాటు అన్న పేరుతో రారు. గుండె దడ అంటారు, ఒళ్ళంతా మంటలంటారు, నరాల బలహీనత అంటారు, ఏమీ తోచడం లేదంటారు. ఆ మాటలను ప్రమాణాల భాషలోకి మార్చుకునే ఓపిక వైద్యులకు ఉండాలి. ఇంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. కుంగుబాటుతో వచ్చినవారికి లోగడ ఉద్రేకం వచ్చిందేమో అడగకుండా కుంగుబాటు మందులు మాత్రమే ఇస్తే, బైపోలార్ ఉన్నవారిలో ఉద్రేకం తిరగబెట్టవచ్చు. ఆ ఉద్రేకపు రోజులు రోగికి జబ్బుగా గుర్తుండవు, హుషారుగా ఉన్న మంచి రోజులుగానే గుర్తుంటాయి. అందుకే వైద్యులు వెంట వచ్చిన అమ్మనో భార్యనో అన్ననో అడుగుతారు: ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలసట లేకుండా, ఆగకుండా మాట్లాడుతూ, చేతిలో లేని డబ్బు ఖర్చుపెడుతూ తిరిగాడా అని.