బాలుడని పేరు పెట్టిన పెద్దలు

చిట్టి మనవలకు,

ఆశీస్సులు. "గొప్పవాళ్ళవుతారని చిన్నప్పుడే ఎవరికైనా తెలుస్తుందా తాతయ్యా?" అని ఫోన్‌లో అడిగారు. ఒక్కోసారి తెలుస్తుంది. కర్ణాటక సంగీత విద్వాంసులు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి విషయంలో మన బెజవాడలోనే తెలిసింది.

1930లో తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో మురళీకృష్ణ అనే పిల్లాడు పుట్టాడు. తల్లి వీణ వాయించేది. బిడ్డ పసిగుడ్డుగా ఉండగానే కన్నుమూసింది. తండ్రి పట్టాభిరామయ్యగారూ సంగీతం తెలిసినవారే. కొడుకును బెజవాడ తీసుకొచ్చి పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికి అప్పగించారు. పంతులుగారు త్యాగరాజస్వామి శిష్యపరంపరలోని వారు. ఎనిమిదేళ్ళ వయసులో ఆ పిల్లాడిని ఏకంగా త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీకి కూర్చోబెట్టారు. పెద్ద పెద్ద విద్వాంసులు వచ్చే సభ అది! కీర్తనలు నేర్పడం ఒక ఎత్తు, అంత సభలో అంతటి పసివాణ్ణి నమ్మి వేదిక ఇవ్వడం ఇంకో ఎత్తు. నన్నడిగితే ఈ కథలో మొదటి మార్కులు గురువుగారికే.

అక్కడ విన్నవారిలో ముసునూరి భాగవతార్ అనే హరికథా విద్వాంసులున్నారు. మురళీకృష్ణ పేరుకు ముందు 'బాల' చేర్చింది ఆయనే. అలా మంగళంపల్లి బాలమురళీకృష్ణ అయ్యాడు. ఎనభై దాటినా బాలుడే!

పదిహేనేళ్ళు నిండేసరికి, మిగతా రాగాలకు మూలమైన 72 మేళకర్త రాగాల్లోనూ కీర్తనలు కట్టాడు. అదెంత పనో తెలియాలంటే మీ కీబోర్డు తియ్యండి. 'సి' (C) మీటను స అనుకుని, అక్కణ్ణుంచి పై స దాకా తెల్లమీటలే వరసగా నొక్కితే శంకరాభరణం, 29వ మేళకర్త. ఇప్పుడు మ ఒక్కటి వదిలి, దాని పక్కనున్న నల్లమీట నొక్కండి. కళ్యాణి అయిపోయింది, 65వది. స, ప కదలవు. మ రెండు రకాలు. ఒక్కో రకం మ తో రి, గ, ద, ని మారుస్తూ పోతే 36 రాగాలు, మొత్తం 72. వీటిలో కొన్ని గొంతుకు ఓ పట్టాన లొంగవు. వివాది రాగాలంటారు. మీసాలు రాని వయసులో వాటినీ వదల్లేదు.

మా చిన్నప్పుడు ఇవేం తెలియవు. పొద్దున్నే విజయవాడ రేడియో భక్తిరంజనిలో ఆయన పాట వస్తుంటే, ఇంకో పక్క అమ్మ పళ్ళు తోముకోమని కేకలు. ఊరి సంగీత కళాశాలకు ఆయన ప్రిన్సిపాల్‌గా చేశారని కూడా పెద్దయ్యాకే తెలిసింది.

తర్వాత నాలుగు స్వరాలతోనే మహతి, లవంగి లాంటి రాగాలు చేశారు. నాలుగు స్వరాలకు రాగమేమిటని కొందరు విద్వాంసులు గట్టిగానే గొడవపడ్డారు. శాస్త్రం సంగతి వాళ్ళకే వదిలేద్దాం గానీ, నా చెవికి మహతి బాగుంటుంది. స, గ, ప తెల్లమీటలు, ని మాత్రం నల్లది. ఆదివారం ఫోన్ చేసినప్పుడు వాయించి వినిపించండి. అన్నాచెల్లెళ్ళు కీబోర్డు కోసం కొట్టుకోకండి.

మీ తాతయ్య,
విజయవాడ