న్యూజిలాండ్ బ్యాలెట్: రెండు టిక్కులూ ఒకే వరుసలో పడాలా?

ఆక్లాండ్‌లో ఎన్నికలప్పుడు బ్యాలెట్ పేపర్లు ఇచ్చే పని చేస్తుంటాను. ప్రతిసారీ మనవాళ్ల నోట ఇదే ప్రశ్న. ఎవరో వాట్సాప్‌లో పెడతారు, అది ఇల్లిల్లూ తిరుగుతుంది.

అపోహ: రెండు టిక్కులూ ఒకే వరుసలో ఉండాలి, లేకపోతే ఓటు చెల్లదు.

వాస్తవం: శుద్ధ అబద్ధం. ఎడమ పక్క పార్టీ ఓటు, కుడి పక్క ఎలక్టరేట్ ఓటు, అంటే మన నియోజకవర్గం అభ్యర్థికి వేసేది. దేని లెక్క దానిదే. ఈ పుకారు చావకపోవడానికి కారణం పేపర్ తీరే. అభ్యర్థి పేరుకు ఎదురుగా అదే వరుసలో వాళ్ల పార్టీ ఉంటుంది. కుడివైపు టిక్ పెట్టిన చెయ్యి అదే గీత వెంట ఎడమకు జరిగిపోతుంది. తమకు సాయం చేసిన ఎంపీ మీద అభిమానంతో, మనసులో లేని పార్టీకి కూడా వేసి వచ్చేస్తారు. పార్లమెంటులో ఏ పార్టీ వాటా ఎంతో తేల్చేది ఆ ఎడమ పక్క టిక్కే!

2008లో ఆక్లాండ్‌లోని ఎప్సమ్ ఎలక్టరేట్ ఓటర్లు ఏం చేశారో చూడండి. చాలామంది కుడివైపు యాక్ట్ పార్టీ అభ్యర్థి రాడ్నీ హైడ్‌కు, ఎడమవైపు నేషనల్ పార్టీకి వేశారు. హైడ్ గెలిచారు కాబట్టి 3.65 శాతం పార్టీ ఓట్లతోనే యాక్ట్‌కు 5 సీట్లు దక్కాయి. 4.07 శాతం తెచ్చుకున్న న్యూజిలాండ్ ఫస్ట్ పార్టీకి ఒక్కటీ రాలేదు. పార్టీ ఓట్ల లెక్కన సీట్లు రావాలంటే కనీసం 5 శాతమైనా రావాలి, లేదా ఒక ఎలక్టరేటైనా గెలవాలి.

ఒకసారి గుంటూరు వైపు పెద్దావిడ పేపర్ తీసుకుని కదలకుండా నిలబడిపోయారు. చెయ్యి వణుకుతోంది. "బాబూ, ఈ గీత దాటి వేస్తే నా ఓటు పోదు కదా?" "పోదండీ. అటు ఒకటి, ఇటు ఒకటి, మీ ఇష్టం." అప్పటిదాకా పాపం ఎంత టెన్షన్ పడ్డారో! అలాంటివాళ్లను చూస్తే ఆ మెసేజ్‌లు పంపేవాళ్ల మీద ఒళ్లు మండుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పైన ఉన్నది పెద్ద పార్టీ అనుకోకండి. మన దేశంలోలా గుర్తింపు పొందిన పార్టీలు ముందు రావు. ఇక్కడ అభ్యర్థుల ఇంటిపేర్ల అక్షరక్రమమే, పార్టీ కూడా దాని వెంటే. అట్టడుగున, ఎదురుగా అభ్యర్థి లేని పార్టీకి వేసినా ఓటు లెక్కలోకి వస్తుంది. ఒక పక్క ఖాళీగా వదిలేసినా రెండో పక్క టిక్ చెల్లుతుంది. తప్పు చోట టిక్ పడితే పెట్టెలో వేయకముందే మాకు తెచ్చివ్వండి, కొత్త పేపర్ ఇస్తాం.