ఇనుప ఓడ గుడ్డలా చిరిగిన సంగతి

చి. బుజ్జికి, చింటూకి ఆశీస్సులు.

తుపానూ గాలీ లేకుండా, కట్టేసిన చోటే ఇనుప ఓడ విరుగుతుందా అని కదూ నీ ప్రశ్న, బుజ్జీ? విరిగింది. 1943 జనవరి 16న, అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్‌లో, షెనెక్టడీ అనే కొత్త చమురు ఓడ. నీళ్లు కదలడం లేదు. మైలు దూరం వినబడేంత చప్పుడుతో డెక్కు (ఓడ పైతలం) పగిలి, రెండు పక్కలా కిందికంటా చీలింది. అడుగు రేకులు మాత్రం పట్టుకున్నాయి. ముందూ వెనకా నది అడుక్కి దిగి, నడుము పైకి లేచి నిలబడిపోయింది.

ఆ రోజుల్లో అలాగే రేకుల్ని వెల్డింగుతో అతికి కట్టిన సరుకు ఓడలే లిబర్టీ ఓడలు. వాటికీ ఇదే జబ్బు. ఎందుకో తెలియాలంటే బట్టల కొట్టుకి పోవాలి.

మా చిన్నప్పుడు కొట్టాయన గుడ్డని గజంబద్దతో కొలిచి, అంచున కత్తెరతో ఒక్క గాటు పెట్టేవాడు. రెండు చేతులా పట్టి లాగితే చర్రుమని ఆ చివరిదాకా చిరిగేది. గాటు లేకుండా చింపమంటే పహిల్వానుకైనా కష్టమే. అదే బొంతని చింపి చూడండి (మీ అమ్మమ్మ చూడకుండా). ఒక పేలిక చిరిగి, కుట్టు దగ్గర ఆగుతుంది.

పాత ఓడలు బొంతలు. రేకు మీద రేకు పెట్టి, ఎర్రగా కాల్చిన రివెట్లు (గుబ్బ మేకులు) దిగ్గొట్టేవాళ్లు. ఒక్క రివెట్టుకి కాల్చేవాడు, అందుకునేవాడు, వెనక ఆనించి పట్టేవాడు, కొట్టేవాడు కావాలి. పని నేర్చుకోవడానికీ చాలాకాలం పట్టేది. అక్కడేమో రెండో ప్రపంచ యుద్ధంలో జర్మను జలాంతర్గాములు ఓడల్ని ముంచేస్తున్నాయి, మునిగినదానికంటే వేగంగా కట్టాలి. అందుకని వెల్డింగుకి దిగారు. ఆడవాళ్లూ వేలమంది నేర్చుకుని చేశారు. మొదటి లిబర్టీ, పాట్రిక్ హెన్రీకి 1941లో ఎనిమిది నెలలు పట్టింది. 1942 నవంబరులో రాబర్ట్ ఇ. పియరీ అనే ఓడని నాలుగు రోజుల పదిహేను గంటల్లో నీళ్లలోకి దింపారు. ముక్కలన్నీ ముందే తయారుచేసి పెట్టుకుని ఆడిన పందెమది, రోజూ అంత వేగం ఉండేది కాదు. అయినా 1945 చివరికల్లా 2,710 ఓడలు కట్టారు. ఒక్కోటి 441 అడుగుల పొడవు, పదివేల టన్నుల దాకా మోసేది.

కానీ వెల్డింగుతో ఓడంతా ఒకే తాను గుడ్డయింది. చిరుగు మొదలైతే ఆపడానికి కుట్టు లేదు. మరి గాటు ఎవరు పెట్టారు? డెక్కు మీద సరుకు దింపే పెద్ద నలుచదరపు కంతలుంటాయి, హాచ్‌లు అంటారు. వాటి మూలలు పలకలా సూటిగా కోశారు. పెద్ద అల ఓడ నడుం కిందికి వచ్చినప్పుడు రెండు చివరలూ కిందికి వేలాడతాయి, డెక్కు సాగుతుంది. ఆ లాగుడంతా మూలల్లోనే పోగవుతుంది. అదే కత్తెర గాటు.

చలి సంగతి కూడా ఉంది. గంజి పెట్టి ఎండేసిన గుడ్డ బిర్రబిగుసుకుంటుంది చూడండి... ఇక్కడ నా గుడ్డ సరిగ్గా అతకడం లేదులే. ఉక్కు గంజి తాగదు. కానీ ఆ కాలపు ఉక్కు చల్లబడితే సాగడం మానేసి గాజులా పగిలేది. మొదట అందరూ వెల్డర్లనే తిట్టారు. చెడ్డ అతుకులూ ఉన్నమాట నిజమే. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే ఆవిడ ఉక్కు ముక్కల్ని చల్లబరిచి విరిచి చూసి, లోపం ఉక్కులోనూ ఉందని తేల్చింది. రివెట్ల ఓడల్లోనూ అలాంటి ఉక్కే, కాకపోతే పగులు ఆ రేకు అంచుతో ఆగిపోయేది.

మందు దర్జీ వేసినట్టే వేశారు. హాచ్ మూలల్ని గుండ్రం చేసి, దళసరి రేకు అతికారు. డెక్కు పొడవునా చీలిక కోసి, దానిమీద పట్టీ వేసి రివెట్లు కొట్టారు. అంటే తానులోకి మళ్లీ కుట్టు తెచ్చారు!

అన్నీ విరగలేదు సుమా. 1943లో మెయిన్ రాష్ట్రంలో కట్టిన జెరమయా ఓ'బ్రయన్ అనే లిబర్టీ ఓడ, ఫ్రాన్సు తీరంలో నార్మండీ మీద మిత్రదేశాలు చేసిన దాడికి ఇంగ్లిషు ఛానెల్‌ని 11 సార్లు దాటింది, తర్వాత మన దేశానికీ వచ్చింది. 1994లో తన ఆవిరి యంత్రంతోనే మళ్లీ నార్మండీ పోయి వచ్చింది. ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంది. దాని యంత్రంలో ఒకే ఆవిరి మూడు సిలిండర్లలో వరసగా పనిచేస్తుంది. ఒత్తిడి తగ్గేకొద్దీ ఆవిరి వ్యాకోచిస్తుంది కదా, అందుకే సిలిండర్ల వెడల్పు ఇరవై నాలుగున్నర, 37, 70 అంగుళాలు. చివరిదాంట్లో చింటూ నిలబడొచ్చు! అలాంటి యంత్రం నిమిషానికి 76 సార్లు మాత్రమే తిరుగుతూ ఓడని సముద్రం దాటించిందంటే నాకు ఇప్పటికీ నోట మాట రాదు.

సరే, ఒక పని చెప్తాను. మీ నాన్న లాల్చీ పక్క చీలిక పైన ఎక్కడ ముగుస్తుందో చూడండి. అక్కడ దర్జీ ఏం వేశాడు? తర్వాత విమానం బొమ్మ చూసి, కిటికీ మూలలు ఎలా ఉన్నాయో గీసి ఉంచండి. ఆదివారం వచ్చి చూస్తాను.

మీ తాతయ్య