'ఫీలయ్యాడు'ని ఇంగ్లిష్‌లో ఏమంటారు మేడమ్? బంధాలు, గొడవల ఇంగ్లిష్ మీద అపోహలు - వాస్తవాలు

విజయవాడలో పదమూడేళ్లుగా స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతున్నాను. టెన్సుల గురించి అడిగితే జవాబు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఇంట్లో అలకలు, ఆఫీసులో మాటపట్టింపులు, స్నేహితుల మధ్య మనస్పర్థలు చెప్పుకోవాల్సి వచ్చినప్పుడే పీజీలు చేసినవాళ్లు కూడా తడబడతారు. క్లాసులో నాకు తరచూ ఎదురయ్యే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రోజూ వాడే ఇంగ్లిష్ మాటలు మనకు వచ్చినట్టే.

వాస్తవం: వచ్చాయి, కానీ తెలుగులో వచ్చాయి. కిందటేడు ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఫోన్ తీసి చూపించాడు. అమెరికాలో ఉన్న టీమ్‌మేట్‌కి రాత్రి పెట్టిన మెసేజ్ అది: "మేనేజర్ గాట్ సీరియస్ ఆన్ మీ. ఐ ఫెల్ట్. ఫుల్ టెన్షన్." అవతలి నుంచి వచ్చింది ఒక్క ముక్క: "యు ఫెల్ట్ వాట్?"

ఆ అమెరికన్ తప్పేం లేదు. మనకు 'ఫీలయ్యాడు' అంటే బాధపడ్డాడనే అర్థం. ఇంగ్లిష్‌లో 'ఫెల్ట్' దగ్గర ఆగిపోతే వాక్యం సగంలో ఉన్నట్టే, 'హర్ట్' అనో 'బ్యాడ్' అనో పక్కన పడాలి. 'సీరియస్' అంటే మనకు కోపం, వాళ్లకు వేళాకోళం కాదని. మేనేజర్ కోప్పడితే 'హి గాట్ యాంగ్రీ విత్ మీ', చీవాట్లు పెడితే 'హి టోల్డ్ మీ ఆఫ్'. ఇక టెన్షన్. 'ఐయామ్ టెన్స్‌డ్' అని మనవాళ్లు తెగ వాడతారు. అక్కడ 'ఐయామ్ స్ట్రెస్డ్' అనో 'ఐయామ్ వరీడ్' అనో అంటారు. 'దేర్ ఈజ్ టెన్షన్ బిట్వీన్ దెమ్' అంటే మాత్రం అచ్చంగా మన ఎడమొహం పెడమొహం.

ఇంకో సంగతి చెబితే నవ్వుతారు గానీ, జరిగినప్పుడు ఆవిడకు నవ్వు రాలేదు. డాలస్‌లో ఉన్న మా పాత స్టూడెంట్‌ని వాళ్లాయన సినిమాకు తీసుకెళ్తానని చెప్పి రాలేదు. పక్కింటావిడతో మాటల్లో 'మై హస్బెండ్ చీటెడ్ ఆన్ మీ' అనేసింది. ఆవిడ గబగబా వచ్చి కావలించుకుని, నీకు ఏ సాయం కావాలన్నా మేమున్నాం అందట. 'చీటెడ్ ఆన్ మీ' అంటే పరాయి సంబంధం పెట్టుకున్నాడని. మాట తప్పితే 'హి లెట్ మీ డౌన్'.

నేను వీటిని తప్పులని అనను. 'ఫీలవడం' ఇప్పుడు తెలుగు క్రియే, తెలుగులో హాయిగా వాడుకోండి. అదే మాటను మళ్లీ ఇంగ్లిష్‌లోకి పట్టుకెళ్లేటప్పుడు మాత్రం కాస్త ఆగి చూసుకోండి.

అపోహ: పెద్ద పెద్ద పదాలు వస్తేనే మనసులో మాట బాగా చెప్పగలం.

వాస్తవం: మనుషుల మధ్య వ్యవహారమంతా ఇంగ్లిష్‌లో చిన్న మాటల జంటల మీదే నడుస్తుంది. చెడితే 'ఫాల్ అవుట్', మళ్లీ కలిస్తే 'మేక్ అప్', సర్దుకుని భరిస్తే 'పుట్ అప్ విత్', పొసిగితే 'గెట్ అలాంగ్', ఒకరి తరఫున నిలబడితే 'స్టాండ్ అప్ ఫర్'. 'రికన్సిలియేషన్' అని బట్టీపట్టినవాళ్లు ఈ జంటల దగ్గర బోల్తా పడతారు. పొద్దున గొడవపడ్డ మొగుడూ పెళ్లాలు 'మేడ్ అప్ బై ఈవినింగ్' అని నేను చదివితే, వెనక బెంచీలోంచి ఒకావిడ, "సాయంత్రానికి ఇద్దరూ మేకప్ వేసుకున్నారా మేడమ్?" అంది.

అపోహ: ఇంగ్లిష్‌లో గౌరవం లేదు. అందరికీ ఒకటే 'యు'.

వాస్తవం: పెద్దవాళ్ల క్లాసులో ఈ మాట ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. నిజానికి ఇంగ్లిష్‌లోనూ ఒకప్పుడు నువ్వు, మీరు రెండూ ఉండేవి. 'దౌ' అంటే నువ్వు. 'యు' మొదట బహువచనం, తర్వాత మన 'మీరు'లాగే గౌరవానికీ అదే అయింది. 17వ శతాబ్దం గడిచేసరికి మామూలు వాడుకలోంచి జారిపోయింది 'దౌ'. అంటే వాళ్లు వదులుకున్నది నువ్వుని. ఇప్పుడు కుక్కపిల్లని కూడా మీరు అనే పిలుస్తున్నారన్నమాట!

మరి గౌరవం ఎక్కడికి పోయింది? వాక్యం కట్టే తీరులోకి పోయింది. మనం 'నీళ్లివ్వండి' అంటే మర్యాదంతా ఆ 'అండి'లో ఉంటుంది. అదే 'గివ్ మీ వాటర్' అనగానే 'అండి' ఎగిరిపోయి, ఒట్టి ఆర్డర్ మిగులుతుంది. 'కుడ్ ఐ హ్యావ్ సమ్ వాటర్, ప్లీజ్?' అంటేనే ఆ 'అండి' తిరిగొచ్చేది. ఫోన్ ఎత్తి 'టెల్ మీ' అనడమూ ఇంతే. మన 'చెప్పండి' ఎంత మెత్తనో, అది అంత కటువు.

దీనికి రెండో వైపూ ఉంది. బ్రిటన్‌లో నర్సుగా చేరిన అమ్మాయితో వార్డు సిస్టర్, 'యు మైట్ వాంట్ టు హ్యావ్ ఎ లుక్ ఎట్ దట్ చార్ట్' అంది. కావాలంటే చూడు అన్నట్టుగా వినిపించి, మా అమ్మాయి తర్వాత చూద్దాంలే అనుకుంది. అది ఇప్పుడే చూడమన్న ఆజ్ఞ. మెత్తగా అన్నారని తేలిగ్గా తీసుకోకూడదు. సొంత భాషవాళ్లే ఇక్కడ దెబ్బతిన్నారు. 1951 ఏప్రిల్‌లో కొరియా యుద్ధంలో, ఇమ్‌జిన్ నది దగ్గర శత్రువులు చుట్టుముట్టే ప్రమాదంలో పడ్డ బ్రిటిష్ బ్రిగేడియర్ టామ్ బ్రోడీ తన పై అధికారి అయిన అమెరికన్ జనరల్‌తో, పరిస్థితి 'ఎ బిట్ స్టికీ' అన్నాడని చెబుతారు. ప్రాణం మీదికి వచ్చిందని ఆయన భావం. కొంచెం ఇబ్బందే కదా, నెట్టుకొస్తారులే అని ఆ అమెరికన్‌కి అర్థమైందట. బ్రోడీ కింద ఉన్న గ్లాస్టర్‌షైర్ రెజిమెంట్ సైనికులు వందల మంది బందీలయ్యారు.

అపోహ: సారీ అంటే తప్పు ఒప్పుకోవడమే.

వాస్తవం: మా నాన్న పోయినప్పుడు ఒక ఆస్ట్రేలియా స్నేహితురాలు 'ఐయామ్ సో సారీ' అని రాస్తే, మా పిన్ని "ఆ పిల్లేం చేసిందని?" అంది. అక్కడ అది సానుభూతి. పోనీ తప్పు చేసినవాళ్లు అన్న ప్రతి సారీ క్షమాపణేనా అంటే, అదీ కాదు. 'ఐయామ్ సారీ యు ఫీల్ దట్ వే' అంటే 'నువ్వలా అనుకుంటే నేనేం చేయను' అని చేతులు దులుపుకోవడం. 'ఐయామ్ సారీ ఐ షౌటెడ్ ఎట్ యు' అన్నదాంట్లో చేసిన పని పేరు ఉంది. మొదటిది విని గొడవ ముగిసిందనుకున్నవాళ్లు తర్వాత తెల్లబోతారు.

గొడవలో ఉన్నప్పుడు 'యు ఆల్వేస్', 'యు నెవర్' అని మొదలుపెట్టకండి. మన 'నువ్వెప్పుడూ ఇంతే'కి అవి కవలలు. థామస్ గోర్డన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1960లలో 'ఐ మెసేజ్' అనే పద్ధతి చెప్పాడు. ఎదుటివాడి గుణం గురించి కాకుండా, నాకేమనిపించిందో చెప్పడం. 'ఐ ఫెల్ట్ లెఫ్ట్ అవుట్ వెన్ నోబడీ టోల్డ్ మీ'. ఇక్కడ చూడండి, 'ఫెల్ట్' పక్కన మాట పడింది.

అపోహ: అబద్ధం చెబితే గ్యాస్‌లైటింగ్.

వాస్తవం: పాతికేళ్ల లోపు పిల్లల నోట ఇప్పుడిదే మాట. 1938లో ప్యాట్రిక్ హామిల్టన్ రాసిన నాటకం 'గ్యాస్ లైట్', దాన్నుంచి 1944లో వచ్చిన హాలీవుడ్ సినిమా దీనికి మూలం. ఇంట్లో గ్యాస్ దీపం మసకబారుతోందని భార్య అంటుంది. అదంతా నీ భ్రమ అంటాడు భర్త. చివరికి తన కళ్లనే తాను నమ్మలేని స్థితికి ఆమెను తెస్తాడు. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు 2022కి దీన్నే ఆ ఏటి మాటగా ఎంచుకుంది. బస్సు మిస్సయ్యానని అబద్ధం చెప్పిన ఫ్రెండ్ వట్టి అబద్ధాలకోరు, అంతే. ఇంత బరువైన మాట ప్రతి చిన్నదానికీ వాడేస్తే, నిజంగా నలిగిపోతున్న మనిషి చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది?

అపోహ: ప్రతి తెలుగు మాటకూ ఇంగ్లిష్‌లో ఒక మాట ఉంటుంది.

వాస్తవం: బావమరిది, మరిది, తోడల్లుడు, అక్క మొగుడు బావ, అందరూ అక్కడ 'బ్రదర్-ఇన్-లా'. 'కో-సిస్టర్' అంటే ఇక్కడ తోడికోడలని తెలుస్తుంది, లండన్‌లో తెలియదు. విడమరిచి చెప్పుకోవాలి. మొహమాటానికీ ఇదే దారి.

అలకకైతే నిఘంటువు 'సల్క్' అంటుంది. అందులో మూతిముడుపు ఉంది గానీ, బతిమాలించుకునే చనువు లేదు. ఒకరోజు క్లాసుకే వదిలేశాను, మీరే చెప్పండని. రకరకాలుగా ప్రయత్నించాక, కొత్తగా పెళ్లైన ఒక కుర్రాడు లేచి, "షి ఈజ్ నాట్ టాకింగ్ టు మీ మేడమ్, బట్ షి ఈజ్ వెయిటింగ్ ఫర్ మీ టు ఆస్క్ వై" అన్నాడు. నాకింకా అంతకంటే మంచిది దొరకలేదు.